దేక్సాల్లో చేపపిల్లలు, అరుగు మీద క్లచ్ ప్లేట్లు

ఆ రోజుల్లో, నాకు అన్నీ తెలుసు అనుకోవడానికి పెద్దగా ఏమీ తెలియనక్కర లేకపోయింది. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ అయిపోయి సర్టిఫికెట్ ఇంకా చేతికి రాకముందే, తెలంగాణకు నది ఇవతల ఉన్న మా సిరోంచ బస్టాండు ముందు నుంచి పోయే ప్రతి బండి చప్పుడూ చెవి ఒగ్గి విని, దీనికి చెయిన్ వదులైంది, దానికి సైలెన్సర్ చిల్లు పడింది అని నాలో నేనే తీర్పులు ఇచ్చుకునేదాన్ని. (బండ్లవాళ్ళెవరూ ఆగి నన్ను అడగలేదు, అది వాళ్ళ దురదృష్టం.) మా క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. క్లచ్ గురించి నాకున్న అనుభవమంతా వర్క్‌షాపులో బల్ల మీద బిగించిన ఒక కోసిన ఇంజన్ దగ్గరే. దాని లోపలి భాగాలకు ఎర్రరంగు, పచ్చరంగు వేసి ఉండేవి. మా సారు వాటిని కర్రతో చూపిస్తూ మరాఠీలో చెప్పి చివర "సమజ్లా కా?" అనేవాడు, మేమందరం "హో సర్" అనేవాళ్ళం. ఆ ఇంజన్‌లో నూనె లేదు, మట్టి లేదు, కాలిన వాసన లేదు. ముఖ్యంగా దాని పక్కన మా కాక లేడు.

కాక అంటే మా నాన్న తమ్ముడు. ఆయనకు లోకంలో రెండింటి మీద ప్రేమ, ఒకటి మా చిన్నమ్మ, రెండోది ఆయన మోటార్ సైకిల్. ఏ ప్రేమ ఎక్కువని చిన్నమ్మ ఎప్పుడూ అడగలేదు, జవాబు తెలిసినవాళ్ళు అడగరు. ఆ బండిని ఆయన బండి అనేవాడు కాదు, "మనోడు" అనేవాడు. మనోడు తానం చేసిండు, మనోడు ఇయ్యాల జర అలిసిండు, ఇట్లా. ఇంకెవరినీ దాన్ని నడపనిచ్చేవాడు కాదు. చలికాలం వస్తే ఆ బండినే ఇంట్లో కప్పిపెట్టి, చిన్నమ్మను తీసుకుని నది దాటి భూపాలపల్లి వైపు మిరపతోటల్లో కాయలు ఏరడానికి పోయేవాడు. ఆ పని ఇక వద్దనుకుని, ముందటేడు ఇంకొందరితో కలిసి బామ్నిలో చెరువు పట్టి చేపలు పెంచాడు. ఆ వానాకాలం కట్ట తెగింది. చేపలన్నీ వాగులోకి, వాగులోంచి నదిలోకి పోయాయి. "మన చేపలు గూడ తెలంగాణకే వలస పోయినయ్" అని కాక నవ్వేవాడు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు ఉండేది కాదు. "ఈసారి గూడ గిట్లనే అయితే ఇగ సంచి సదురుకునుడే" అని చిన్నమ్మ కోపం లేకుండా అనేసింది. కోపంగా అన్నా బాగుండేది.

కాబట్టి మరుసటేడు వానల్లో ఒక రోజు, ఆ చెరువులో వేయడానికి కాకా నేనూ ఆలపల్లి నుంచి తెస్తున్నవి మామూలు చేపపిల్లలు కావు. చామోర్షి వైపు నుంచి పిల్లల్ని తెచ్చే బండి ఆలపల్లి దాకానే వస్తుంది, అక్కడి నుంచి ఎవరివి వాళ్ళు తీసుకుపోవాలి. గాలి పట్టించి బిగించిన పెద్ద ప్లాస్టిక్ సంచులు, ఒక్కోదాంట్లో కొంచెం నీళ్ళు, ఆ నీళ్ళలో గోటి ముక్కంత చేపలు లెక్కలేనన్ని. తడి గోనెలు చుట్టి మోటార్ సైకిల్‌కు అటూ ఇటూ కట్టి, ఇంకొక సంచి నా ఒళ్ళో పెట్టాడు కాక. "మెకానిక్‌వు గద, ఎన్క కూసోని గట్టిగ పట్టుకో" అన్నాడు. చేపల బండి డ్రైవరు పోతూ పోతూ "మధ్యాన్నం లోపట చెరువుల పడాలె. ఎండకు ఆగయి" అని చెప్పాడు. అప్పుడు పొద్దు ఇంకా చెట్ల వెనకే ఉంది. ముందురోజు పడ్డ వానకు దారంతా గుంతలు, గుంతల నిండా నీళ్ళు. నా ఒళ్ళోని సంచి పసిపిల్లాడిలా కదులుతూనే ఉంది. సంతోషంగానే బయల్దేరాం.

అడవి మొదలైన తర్వాత మొదటి ఎత్తు దగ్గర మనోడు అరిచాడు. అరిచాడంటే ఇంజన్ గట్టిగా రొద పెట్టింది, కానీ బండి మాత్రం ఎప్పటి నడకే నడిచింది. కాక ఎక్సిలేటర్ ఇంకా తిప్పాడు. రొద పెరిగింది, బండి నెమ్మదించింది. వెనక కూర్చున్న నాకు, ఇంట్లో కూర్చుని పెద్దగా కేకలు వేస్తూ పనికి మాత్రం లేవని మనిషి గుర్తొచ్చాడు.

"పెట్రోల్ల నీళ్ళు కలిపిండ్రు," అన్నాడు కాక.

"కాకా, నీళ్ళు కలిపితే ఇంజన్ ఆగిపోతది. ఇది గట్టిగ తిరుగుతంది. తిరిగేది చక్రం దాక పోతలేదు. క్లచ్ జారుతంది."

"మనోనికి గసొంటి రోగాలు లెవ్వు. బరువెక్కువైంది. నువ్వు దిగు."

నేను సంచి ఎత్తుకుని దిగి ఎత్తంతా నడిచాను. బండి పైదాకా ఎక్కింది, కాక విజయగర్వంతో వెనక్కి చూశాడు. తర్వాతి ఎత్తులో నేను దిగినా ఎక్కలేదు. అప్పుడు ఆయన పక్కకు ఆపాడు. నేను క్లచ్ లీవర్ వేలితో కదిపి చూశాను. లీవర్ పట్టుకోగానే కొంచెం వదులుగా ఊగి, ఆ తర్వాత బిగువు తగలాలి. ఇక్కడ ఊపే లేదు, కేబుల్ తీగలాగా బిగిసి ఉంది. అంటే చేయి వదిలేసినా క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది. ఇదంతా నేను కాకకు చాలా గంభీరంగా, సగం మరాఠీ మాటలతో వివరించాను. (ఆయన నాకన్నా మంచి మరాఠీ మాట్లాడతాడు, ఆ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.) అడ్జస్టర్ తిప్పి వదులు చేశాను. బండి చక్కగా ఎత్తు ఎక్కింది. "శబాష్ రా బిడ్డా," అన్నాడు కాక. ఆ మాటకు నాకు వెనక సీటు మీద కూర్చున్నట్టు లేదు, ఏనుగు మీద కూర్చున్నట్టుంది.

ఆ ఊరేగింపు ఎక్కువ దూరం సాగలేదు. మళ్ళీ జారడం మొదలైంది, ఈసారి చదును దారిలోనే. కాలిన వాసన కూడా వచ్చింది, ఎండిన తోలు మంటలో వేసినట్టు. పొద్దు చెట్ల పైకి వచ్చేసింది. గోనెలు ఆరిపోతున్నాయి. నేను ఒళ్ళో సంచి వైపు చూశాను. పొద్దున లోపలంతా తిరుగుతున్న పిల్లలు ఇప్పుడు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కాకకు చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా ఎక్సిలేటర్ ఇంకా తిప్పాడు. బండిని నడిపిస్తూ, తోస్తూ, చివరికి దారి పక్కన ఒక రేకుల హోటల్ దగ్గరికి చేరాం.

ఆ హోటల్ అందరూ చాచీ అని పిలిచే ఒకావిడది. అహేరి నుంచి వచ్చి అక్కడ చాయ్, పకోడీ, బిస్కెట్లు అమ్మేది, సీసాల్లో పెట్రోలు కూడా. పెళ్ళిళ్ళకు బిర్యానీ వండే పని కూడా చేసేది కాబట్టి వెనక అరుగు మీద పెద్ద పెద్ద దేక్సాలు బోర్లించి ఉండేవి. ముందు బల్ల మీద బస్సు కోసం కూర్చున్న ఒక తాత. ఆయన మా సంచుల్లోకి తొంగి చూసి, మేం నోరు తెరవకముందే, "ఇగ అయిపోయినట్టే," అన్నాడు. ఆ రోజంతా ఆయన ఆ మాట ఎన్నిసార్లు అన్నాడంటే, ఇప్పటికీ మా ఇంట్లో ఆయన పేరు 'అయిపోయె తాత'.

"బండి బాగయ్యేదాక ఈటిని యాడ పెడుదాం కాకా?" అని అడిగాను. కాక ఎండ వైపు చూశాడు, సంచుల వైపు చూశాడు. చాచీ మాత్రం మా ఇద్దరి వైపూ చూడకుండా నేరుగా పోయి దేక్సాలు ఒక్కొక్కటే తిరగేసింది.

"ఈట్లల్ల చేపలు ఉడకవెట్టుడే ఎరుక. బతికిచ్చుడు ఇయ్యాల్నే చూస్త," అంది. "పరేషాన్ గాకు భాయ్. నీళ్ళు పట్టియ్యాల్నా బోరింగుల నుంచి?"

"బోరింగు నీళ్ళు వద్దు చాచీ," కాకకు ఆ క్షణంలో ప్రాణం వచ్చినట్టయింది. "ఆ నీళ్ళల్ల గాలుండది. వాగు నీళ్ళు గావాలె."

వాగు హోటల్ వెనకే. కాక, చాచీ బిందెలతో పరుగు పెట్టి దేక్సాలు నింపి, నీడలో పెట్టారు. ముందు సంచుల్ని మూతి విప్పకుండా ఆ నీళ్ళలో తేలనిచ్చి, తర్వాత మెల్లగా వంచారు. "ఇగ చెంబుతోని పైకెల్లి పొయ్యాలె. చెయ్యి ఆపితె గాలందది," అన్నాడు కాక. చెంబు ఎత్తి ధారగా పోయడం, ముంచడం, మళ్ళీ పోయడం. అయిపోయె తాత లేచి వచ్చి ఒక చెంబు అందుకున్నాడు. "పోసినా దండుగనే," అంటూనే అందరికన్నా శ్రద్ధగా పోశాడు.

ఇక మిగిలింది నేను. కోసిన ఇంజన్ కాదు, మూసిన ఇంజన్. పెట్రోల్ ట్యాపు మూసి, నూనె దించడానికి కింద బోల్టు విప్పాను. పడ్డ నూనెను రెండు వేళ్ళ మధ్య రుద్దితే సబ్బులా జారిపోతోంది.

"కాకా, ఇందుల ఏం పోసినవ్?"

కాక చెంబు ఆపకుండా అటు తిరిగి చెప్పాడు. "జీపు నడిపే దోస్తు ఇచ్చిండు. పెద్ద కార్లల్ల పోస్తరట, మస్తు మంచి నూనె. మనోడు గూడ జర మంచిది తాగాలె గద అని..."

ఆ మంచి నూనెలో ఇంజన్ ఇంకా నున్నగా తిరగడానికి ఏదో కలుపుతారు. కారుకు అది మేలు. మోటార్ సైకిల్ క్లచ్ ప్లేట్లు ఆ నూనెలోనే మునిగి ఉంటాయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడమే వాటి పని. ప్రేమతో పోసిన నూనె వాటి పట్టు వదిలించింది. నేను ఇది చెప్పలేదు. ఆయన అటు తిరిగిన తీరు చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

బండిని ఎడమ వైపు ఒరిగించి కట్టెల మోపుకు ఆనించాను. క్లచ్ కుడివైపు కవర్ లోపల ఉంటుంది. కిక్కు రాడ్డు ఊడదీసి, కవర్ స్క్రూలు విప్పబోతే ఒకటి రాలేదు. కాక టూల్ కిట్టులో ఒక స్పానరు, ఒక దువ్వెన, సగం అగరుబత్తీల పొట్లం ఉన్నాయి. చాచీ ఇచ్చిన స్క్రూడ్రైవరు పెట్టి రాయితో కొట్టి, దేవుణ్ణీ మా సారునూ కలిపి తలుచుకుంటే వచ్చింది. కవర్ తీశాను. లోపల ఎర్రరంగు లేదు, పచ్చరంగు లేదు. అంతా నల్లగా ఉంది. నా గుండె జారిన చప్పుడు తాత విన్నట్టున్నాడు, "అయిపోయిందా?" అన్నాడు.

స్ప్రింగుల బోల్టులు విప్పి, ప్లేట్లు ఒక్కొక్కటే తీసి, వచ్చిన వరుసలోనే టేకు ఆకుల మీద పరిచాను. వరుస తప్పితే అంతే సంగతులు. పట్టు ఉండే ప్లేట్లు అరిగినా ఇంకా దళసరిగానే ఉన్నాయి, కానీ పైన పలక మీద నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పెట్రోలుతో కడిగి ఆ మెరుపు పోగొడితే ఇంటిదాకా పోవచ్చనిపించింది. గరుకు కాగితం లేదు. చాచీ మసాలా నూరే రాయి కనిపించింది.

"అది ముట్టకు," అంది చాచీ, చూడకుండానే. "రేపు నా కుర్మల పెట్రోలు వాసనొస్తది."

అరుగు సిమెంటు గరుకుగా ఉంది, దాని మీదే ఒక్కో ప్లేటూ మెల్లగా రుద్దాను. స్ప్రింగులు కూడా అలిసిపోయి ఉంటాయి, వాటి కింద ఒక్కో వాషరు వేస్తే ఇంకొంచెం బిగువు వస్తుంది. వాషర్లు బండి వెనక నంబర్ ప్లేటు బోల్టులకు ఉన్నాయి. అది ఊడదీస్తుంటే కాక ముఖం ఆపరేషన్ గది బయట నిలబడ్డ మనిషి ముఖంలా అయింది. నూనె కారకుండా కవర్ కింద ఉండే కాగితం చిరిగిపోయింది కాబట్టి, బిస్కెట్ల డబ్బా అట్టను ఆ కొలతకు కత్తిరించాను. ఈ మధ్యలో తాత ఎక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, హారన్ కొట్టింది. ఆయన చెంబు దించలేదు. "రేపు గూడ వస్తది," అన్నాడు. బస్సు పోయింది.

అప్పుడే కాక నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. తన చెంబు చాచీకి ఇచ్చి వచ్చాడు. ఒక దేక్సాలో పిల్లలు అడుగుకు దిగుతున్నాయని మెల్లగా చెప్పాడు. "పోతె పోనీ బిడ్డా. నువ్వు మనసుల పెట్టుకోకు. మిరపతోటలు యాడికి పోతయ్, ఆడనే ఉంటయ్ గద." ఓదార్పుగా అన్నాడు. కానీ ఆ తర్వాత నా చేతిలో స్ప్రింగు బోల్టు గాడిలోకి దిగడానికి చాలాసేపు పట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి చేతులు ఖాళీ లేవు. ముక్కు మోచేత్తో తుడుచుకుని మిగతావి బిగించాను.

అంతా బిగించి, చాచీ దుకాణంలో దుమ్ము పట్టి ఉన్న మోటార్ సైకిల్ నూనె ప్యాకెట్ పోసి, బండిని లేపి, లీవర్ పట్టుకున్నాను. లీవర్ ఊయలలా ఊగింది. బిగువే లేదు. చేయి నొక్కితే లోపల ఏదీ కదలడం లేదు. టేకు ఆకుల వైపు చూశాను, ఖాళీ. నేల మీద వెతికాను. చుట్టూ తిరుగుతున్న కోళ్ళ వైపు అనుమానంగా చూశాను. లీవర్ బలాన్ని ప్లేట్ల దాకా తీసుకుపోయే, పుట్టగొడుగు ఆకారంలో ఉండే చిన్న ఇనుప ముక్క ఒకటి ఉండాలి. అది లేదు.

"పుట్టగొడుగు అసొంటిది, గింతంత ఇనుపముక్క. ఎవ్వరన్న చూసిండ్రా?" అని అడిగాను.

కాక అంగీ జేబులో చేయి పెట్టాడు. రుమాలు తీశాడు. రుమాలు విప్పితే లోపల మళ్ళీ కాగితం, ఆ కాగితం విప్పితే అది మెరుస్తూ ఉంది.

"ఇదా? చిన్నగుంది, పోతదని నేనే పైలంగ దాసిన."

చాచీ చెంబు పట్టుకునే కింద కూర్చుండిపోయి నవ్వింది. నేను నవ్వలేదు, కోప్పడలేదు. మళ్ళీ బండిని ఒరిగించి, మళ్ళీ అన్ని స్క్రూలూ విప్పాను. రెండోసారి చేతులకు దారి తెలిసింది. ఎక్కడా ఆగలేదు, దేన్నీ తలుచుకోలేదు కూడా. ఈసారి లీవర్ పట్టుకుంటే కొంచెం ఊగి, తర్వాత బిగువు తగిలింది. ఆ బిగువు వేళ్ళకు తెలిసినప్పుడు కలిగిన సంతోషం, చాలా రోజుల తర్వాత వచ్చిన సర్టిఫికెట్ చూసినప్పుడు కలగలేదు.

పిల్లల్ని మళ్ళీ సంచుల్లోకి ఎత్తాం. పట్టించడానికి ఆక్సిజన్ లేదు, చాచీ సైకిల్ పంపు ఉంది. దాంతోనే గాలి కొట్టి రబ్బరు బిగించాం. గోనెలు తడిపాం. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. కాకకు క్లచ్ లీవర్ మీద ఎప్పుడూ రెండు వేళ్ళు పెట్టి నడపడం అలవాటు. ప్లేట్లు అలా కూడా అరుగుతాయి. ఎలా చెప్పాలా అని నేను నీళ్ళు నములుతుంటే, ఆయన తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు. "సంచులు నేను పట్టుకుంట. వాటిని ఊపుకుంట కూసోవాలె, నీకు రాదు," అన్నాడు. ఆ బండి తాళం ఆయన చేతిలోంచి ఇంకొకరి చేతికి పోవడం నేను అంతకుముందు చూడలేదు.

చాచీకీ తాతకూ చేయూపి బయల్దేరాం. ప్రతి ఎత్తు దగ్గరా ఇంజన్ రొద ఎంత పెరిగితే బండి వేగం అంత పెరుగుతోందా అని చెవులన్నీ అక్కడే పెట్టాను. పెరిగింది. చివరి పెద్ద ఎత్తులో ఒక్క క్షణం జారినట్టనిపించింది, అది రాళ్ళ మీద చక్రం జారడం. వెనక నుంచి కాక "మనోడు..." అని ఏదో మొదలుపెట్టి ఆపేశాడు.

బామ్ని చెరువులో సంచులు తేలనిచ్చి, సంచి నీళ్ళు చెరువు నీళ్ళకు అలవాటు పడేదాకా ఆగాలి. ఆ ఆగడం క్లచ్ విప్పడం కన్నా కష్టం. మధ్యాహ్నం దాటిపోయింది. కాక నడుము లోతులో దిగి మొదటి సంచి మూతి విప్పాడు. పైన తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. ఆయన వాటినే చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా సంచి వంచాడు. తెల్లవాటి కింద నుంచి, నీడ కదిలినట్టు, ఒక నల్లటి ధార బయటికి వచ్చింది. అది విడిపోయి, చెదిరి, గడ్డి దుబ్బుల్లోకి పోయింది. తర్వాత ఇంకొక సంచి. దాంట్లో చనిపోయినవి కొన్నే.

"ఉరుకుతున్నయ్," అన్నాడు కాక. మళ్ళీ, ఈసారి నా వైపు తిరిగి, "పిల్లా, ఉరుకుతున్నయ్ చూడు," అన్నాడు. చిన్నమ్మ అప్పటికే గట్టు ఎక్కి వస్తోంది. ఆ చలికాలం వాళ్ళు నది దాటలేదు.

ఆ సాయంత్రం సిరోంచలో ఇంటికొచ్చాక నేను చేతులు కడుక్కోలేదు. గోళ్ళలో, గీతల్లో, మణికట్టు దాకా ఆ నల్లటి మరక అలాగే ఉంచుకుని, ఇంట్లో పెరుగు ఉండగానే తోడుకు పెరుగు కావాలని గిన్నె పట్టుకుని మా వాడలో ఇల్లిల్లూ తిరిగాను. గిన్నెను కావాలనే చేతులు బాగా కనపడేలా పట్టుకున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. చివరి ఇంటి అత్త మాత్రం గిన్నె వైపు, నా వైపు చూసి, "ముందుగాల చేతులు కడుక్కొని రా పిల్లా, గప్పుడు పోస్త," అంది. ఇప్పుడు నేను పనిచేసే చోట చేతులకు తొడుగులున్నాయి, నిమిషంలో మరక వదిలించే సబ్బు ఉంది, ఇంటికి వచ్చే నా చేతుల్ని చూసి నేనేం పనిచేస్తానో ఎవరూ చెప్పలేరు. కానీ ఖాళీ గిన్నెతో ఆ వాడలో తిరిగిన పిల్ల ఎప్పుడైనా నా గుమ్మంలోకి వస్తే మాత్రం, పెరుగు పోయకముందే నేను అడుగుతాను, చేతులకేమైంది బిడ్డా అని. అడిగి, పీట వేసి, ఎంతసేపు చెబితే అంతసేపూ వింటాను.